రిగ్గై సందులో నాలుగు దుకాణాలు

కుట్టుమిషన్ని ఇద్దరు మనుషులు చెరోపక్కా పట్టుకుని బయటికి తెచ్చారు. దించలేదు, విసిరేశారు. ఇనుము ఫుట్‌పాత్ మీద పడ్డ చప్పుడుకి కువైత్‌లో, రిగ్గైలోని ఆ సందంతా ఉలిక్కిపడింది. దాని వెనకే గుడ్డ కత్తిరించే బల్ల వచ్చింది. బల్ల వెనక బడిపిల్లల యూనిఫారాలు వచ్చాయి. చేతులు కుట్టనివి, గుండీలు పెట్టనివి, నలభై జతలదాకా వచ్చి మట్టిలో పడ్డాయి. ఇంకో వారంలో బడులు తెరుస్తారు.

దర్జీ మొఫజ్జల్ వాటిని ఏరుకుంటూ మోకాళ్ల మీద తిరుగుతున్నాడు. బంగ్లాదేశ్ నుంచి వచ్చి పదకొండేళ్లయింది అతనికి. "భాయ్, పిల్లల బట్టలు భాయ్, తొక్కొద్దు భాయ్" అని వచ్చీరాని హిందీలో బతిమాలుతున్నాడు. ఆ బతిమాలుడు ఎవరికి? అద్దాల కారుకి ఆనుకుని ఫోన్లో మాట్లాడుతున్న రమేష్‌బాబుకి. బిల్డింగు యజమాని కంపెనీ తరఫున కాగితాలు, సంతకాలు, బెదిరింపులు చూసుకునే మందూబు అతను. ఫోను చెవి దగ్గరనుంచి తీయకుండానే జేబులోంచి ఒక కాగితం తీసి గాలిలో ఊపాడు. నిన్న నువ్వే కదా సంతకం పెట్టావు, అని దాని అర్థం.

ఇదంతా మెస్సులో వంటచేసే తిరుపాలమ్మ చూసింది. మూడో దుకాణంలో ఉన్న మెస్సు వంటగదికి సందు వైపు చిన్న కిటికీ ఉంది. దాని జాలీకి మొహం ఆనించి, గంటె చేతిలోనే పట్టుకుని చూసింది. బయటికి మాత్రం రాలేదు. రాగూడదు. మంగలి సుగతన్ తన షట్టరు సగానికి దించాడు. లాండ్రీ ఈశ్వరయ్య పూర్తిగా దించేశాడు. మెస్సు యజమాని కుక్కుటేశ్వరరావు గుమ్మంలో నిలబడి, ఏదో గుర్తొచ్చినవాడిలా లోపలికి వెళ్లిపోయాడు. ఎవరికి వారే యమునా తీరే. తిరుపాలమ్మకి అందరిమీదా కోపమొచ్చింది. అందరికంటే ఎక్కువ తనమీద వచ్చింది.

అసలు సంగతి చెప్పుకోవాలి. ఆరంతస్తుల ఆ బిల్డింగు కింద నాలుగే దుకాణాలు. దర్జీ, మంగలి, మెస్సు, లాండ్రీ. పై వాటాల్లో ఈజిప్టు సంసారాలు, ఫిలిప్పీన్స్ నర్సులు, మలయాళీలు, శ్రీలంక వాళ్లు, ఒక్కో గదికి ఎనిమిదిమంది చొప్పున మనవాళ్లు. అందరి జుట్టూ, బట్టా, తిండీ ఆ నాలుగు దుకాణాల్లోనే గడిచిపోయేవి. అలాంటిది ఆ 2006 ఎండాకాలంలో కంపెనీకి కొత్త కోరిక పుట్టింది. నాలుగు దుకాణాల గోడలు కొట్టేసి ఒకే పెద్ద సూపర్‌మార్కెట్‌కి లీజుకి ఇవ్వాలట. అడ్డం ఒక్కటే. నలుగురి అగ్రిమెంట్లూ ఇంకా రెండేళ్లున్నాయి. కోర్టుకి పోతే ఎప్పటికి తేలుతుందో తెలియదు. కోర్టు లేకుండా ఖాళీ చేయించాలంటే, అద్దెకున్నవాడే 'నా ఇష్టంతో వదులుకుంటున్నాను' అని సంతకం పెట్టాలి. దాన్ని అక్కడ తనాజుల్ అంటారు. నెత్తిన తుపాకీ పెట్టి రాయించుకున్నా సరే, అందులో 'నా ఇష్టంతో' అనే మాట ఉంటే చాలు.

రమేష్‌బాబు తుపాకీ వాడలేదు. అంతకంటే చవకైనది వాడాడు. ప్రతివాడి దగ్గరా ఒక భయం ఉంటుందని, అది ఏమిటో కనుక్కుంటే చాలని అతనికి తెలుసు. మొఫజ్జల్ భయం దొరికింది, మొఫజ్జల్ అయిపోయాడు. ఇక మిగిలింది ముగ్గురు.

తిరుపాలమ్మ భయం మెడ మీద ఉంది. ఎడమ చెవికింద, అరచేయంత. పనికి కుదిరిన ఇంట్లో మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఇస్త్రీపెట్టె ఆనించిన మచ్చ అది. రాయచోటి పక్క పల్లెనుంచి ఇంటిపని వీసా మీద వచ్చిన తిరుపాలమ్మ ఆ ఇంట్లో పద్నాలుగు నెలలుంది. మచ్చ పడ్డ మూడోరోజు చెత్తసంచీ పడేయడానికని బయటికి వచ్చి, సంచీతోపాటు ఆ ఇంటినీ అక్కడే వదిలేసి నడిచిపోయింది. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. పారిపోయిందని వాళ్లు కేసు రాయించారు. ఇలా వీసా ఇచ్చిన యజమానిని, అంటే కఫీల్‌ని వదిలి, ఇఖామా అనే నివాస అనుమతి లేకుండా బయట బతికేవాళ్లని అక్కడ ఖల్లీవల్లీ అంటారు. మూడేళ్లుగా ఆమె మెస్సు వెనక గుమ్మంలోంచి వస్తుంది, వెనక గుమ్మంలోంచి పోతుంది. పోలీసులకు దొరికితే కఫీల్‌ని పిలిచి అప్పజెప్పవచ్చు. జైలంటే ఆమెకి భయం లేదు, ఊరికి పంపించేస్తారన్నా భయం లేదు. ఆ ఇస్త్రీపెట్టె ఉన్న ఇంటికి మళ్లీ పంపుతారేమోనన్నదే భయం.

మెస్సు కుక్కుటేశ్వరరావుది. కోనసీమ మనిషి, ముమ్మిడివరం దగ్గర. పొద్దున్న నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే పదకొండింటికల్లా నూట ఎనభై క్యారేజీలు రోడ్డు దాటి షువైఖ్ గ్యారేజీలకీ గోడౌన్లకీ చేరాలి. పప్పులో బెల్లం వేశారని సీమ వాళ్లూ, పులుసులో కారం గుమ్మరించారని గోదావరి వాళ్లూ రోజూ తిట్టుకుంటూనే తినేవాళ్లు. కుక్కుటేశ్వరరావు చెడ్డవాడు కాదు. తిరుపాలమ్మ ఎవరని అడక్కుండా పొయ్యి అప్పజెప్పాడు. కాకపోతే ఆయనకొక జబ్బుంది. మన జిల్లావాడు అన్నమాట చెవిన పడితే చాలు, విస్తరి వేసేస్తాడు.

రమేష్‌బాబుది రావులపాలెం. ఇంకేం కావాలి? రెండువారాల కిందట పిలిచి భోజనం పెట్టాడు. జుబేదీ చేపల పులుసు, గుత్తివంకాయ, పెరుగు, ఆవకాయ. వాళ్ల వైపు అతిథి తిని మెచ్చుకుంటే, వండిన మనిషిని పిలిచి చూపించడం మర్యాద. కుక్కుటేశ్వరరావు ఆ మర్యాద చేశాడు. "ఈవిడేనండీ, తిరుపాలమ్మ. పాపం, ఎన్ని కష్టాలు పడిందో తెలుసాండీ" అంటూ ఆ ఇల్లు, ఆ మచ్చ, ఆ పారిపోవడం, అంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. రమేష్‌బాబు కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. "మీ చెయ్యి బంగారమక్కా" అన్నాడు. తిన్నింటి వాసాలు ఎలా లెక్కపెడతారో చూడాలంటే ఆరోజు ఆ బల్ల దగ్గర చూసి ఉండాల్సింది.

మిషను పడ్డ సాయంత్రం రమేష్‌బాబు కుక్కుటేశ్వరరావుని కారెక్కించుకుని ఒక చుట్టు తిప్పి దించాడు. ఆయన వంటగదిలోకి వచ్చి బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. చేతిలో అరబ్బీ కాగితం ఉంది.

"ఏం రావుగారూ, ఏమంటాడు?" అంది తిరుపాలమ్మ.

"సంతకం ఎట్టమంటున్నాడమ్మా. ఎడితే కొత్త మార్కెట్లో మూల కొట్టు మనకే ఇత్తారంట. అద్దాలూ, ఏసీ, అంతా వాళ్లే ఏయిత్తారంట."

"పెట్టకపోతే?"

కుక్కుటేశ్వరరావు నేలచూపులు చూశాడు. "నీ సంగతి చెప్పేత్తానన్నాడమ్మా పోలీసోళ్లకి. నాదేనమ్మా తప్పు. మనోడే గదా అని నోరు జారాను."

తిరుపాలమ్మ చేతిలోని గంటె గోడకేసి కొట్టింది. "మనోడా! ఎట్లయితాడు మనోడు? నీ చేపల పులుసు తాగితే మనోడయిపోతాడా? నా బతుకు వానికి నంజుకోను పెట్టినావు గదయ్యా! ఆడు ఆ కారులో కూచ్చోనుంటే నువ్వు ఈ బస్తా మీద కూచ్చోనుండావు. అది కనపల్యా నీకు?"

కాసేపటికి ఆమెకే జాలేసింది, కానీ ఆ జాలిని పైకి రానివ్వలేదు. కాగితం లాక్కుని బియ్యం డబ్బా కింద పెట్టింది. "శుక్రవారం దాకా దీన్ని ముట్టుకోవద్దు" అంది.

శుక్రవారం సెలవు. షువైఖ్ వాళ్లంతా క్యారేజీల కోసం చూడకుండా మెస్సుకే వచ్చి తింటారు. ఆ రోజు రాగిసంకటి, కోడికూర. అరవైమంది దాకా వచ్చారు. లోపల పట్టక పక్కసందులో అట్టముక్కలు పరుచుకుని కూర్చున్నారు. దుకాణాల వాళ్లని కూడా రమ్మని కబురు పంపింది తిరుపాలమ్మే. సుగతన్ వచ్చాడు, మొఫజ్జల్ వచ్చాడు, ఈశ్వరయ్య అందరికంటే వెనక, గోడపక్కన నిలబడ్డాడు. సంగతి చెప్పేసరికి సందులో గోల లేచింది.

"కోర్టుకు పోదాం" అన్నారు ఎవరో. "పెద్దమనుషులు నలుగురు పోయి మందూబు కాళ్లు పట్టుకుందాం" అన్నారు ఇంకొకరు. "వాడి కాళ్లు కాదురా, గొంతు పట్టుకోవాల" అని వెనకనుంచి ఒక కేక.

అప్పుడు ఈశ్వరయ్య ముందుకు వచ్చాడు. తిరుపాలమ్మ జిల్లావాడే. ఆమెని చెల్లీ అని పిలిచేవాడు. "నేనొక మాట చెప్తా, తిట్టుకోవద్దండి. వాడికి దొరికింది తిరుపాలమ్మ ఒక్కతే. మహబూలాలో మనోళ్ల గదులు శానా ఉండాయి. ఈ రాత్రికే ఆయమ్మను ఆడికి తోలేద్దాం. ఇంగ వాడు దేన్ని చూపిచ్చి బెదిరిస్తాడు?"

కొందరు తలలూపారు. తిరుపాలమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఆ తలల్ని ఒక్కొక్కటే చూసింది. ఊపిన తలల్లో ఆమె చేతి తిండి తినని తల ఒక్కటీ లేదు.

లేచింది చిన్నపుల్లయ్య. షువైఖ్‌లో సొట్టలుపడ్డ కార్లు సరిచేసే డెంటరు, అరచేతులు సుత్తి పట్టి పట్టి కాయలు కాసిన మనిషి. "సరేన్నా, ఆయమ్మను తోలేస్తాం. మొఫజ్జల్‌ను ఏం చూపిచ్చి బెదిరిచ్చినాడు? ఆయమ్మను చూపిచ్చినాడా? అడుగు వాణ్ణి."

అందరూ మొఫజ్జల్ వైపు తిరిగారు. అతను తల ఎత్తకుండానే జేబులోంచి తన సివిల్ ఐడీ కార్డు తీసి, అన్నం వార్చే పెద్ద పళ్లెం బోర్లించి ఉంటే దాని మీద పెట్టాడు. కార్డులో తన పని సిమెంటు మోసే కూలీ అని రాసి ఉందని హిందీలో చెప్పాడు. దుకాణంలో కుట్టుపని చేస్తున్నట్టు తెలిస్తే పంపించేస్తారని, ఆ సంగతి మందూబుకి తెలుసని చెప్పాడు. పదకొండేళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదన్నాడు.

సుగతన్ చిన్నగా నవ్వాడు. ఏడుపులాంటి నవ్వు. తన కార్డు తీసి మొఫజ్జల్ కార్డు పక్కన పెట్టాడు. "నేను మాలీ. తోట పని" అన్నాడు. కువైత్‌కి వచ్చాక మొక్కకి నీళ్లు పోసిన పాపాన పోలేదు సుగతన్.

కుక్కుటేశ్వరరావు మొహం ఎర్రబడింది. "నన్ను అడక్కండి బాబూ" అన్నాడు. అందరూ అడిగారు. "గొర్రెల కాపరినండి" అన్నాడు చివరికి, కార్డు పెడుతూ. "ఆయ్, నిజంగానేనండి. ఎడారిలో గొర్రెలు కాత్తన్నానంట. మా ఊళ్లో కొబ్బరికాయలు తప్ప గొర్రెను దగ్గరగా చూసింది లేదండి."

అరవైమందీ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే కార్డులు వచ్చి పడటం మొదలైంది. ఇంటి డ్రైవరుగా వచ్చి గోడౌన్లో మూటలు మోసేవాడు, వంటవాడిగా వచ్చి వెల్డింగు చేసేవాడు. కార్డులో రాసిన పనే చేస్తున్నవాళ్లు చేతులెత్తండంటే తొమ్మిది చేతులు లేచాయి. అన్నేళ్లుగా ఒకే గదిలో పడుకుని, ఒకే కుండలో తిని, ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నది ఒకే భయం. ఆ భయానికి ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు. సిగ్గుపడాల్సినవాడు ఆ వీసాలు అమ్ముకున్నవాడు.

"చూస్తిరా?" అన్నాడు చిన్నపుల్లయ్య. "మందూబుకు బలం కంపెనీ గాదు. మనం ఒకనికొకడు చెప్పుకోకపోవడం వాని బలం. ఈ పొద్దు తిరుపాలమ్మను తోలేస్తే రేపు సుగతన్‌ను తోలాల, ఎల్లుండి రావుగారిని. అట్ల తోలుకుంటా పోతే ఆఖర్న దుకాణం మిగుల్తాది గానీ అందులో మనిషి మిగలడు."

ఈశ్వరయ్య గోడపక్కనే నిలబడి ఉన్నాడు. చాలాసేపటికి వచ్చి తన కార్డు కూడా పళ్లెం మీద పెట్టాడు. "నాది డ్రైవరు. నాకు సైకిలు గూడ రాదు" అన్నాడు, తిరుపాలమ్మ మొహం చూడకుండా.

ఆ సాయంత్రం రెండే నిర్ణయాలు. ఒంటరిగా ఎవరూ రమేష్‌బాబు కారెక్కకూడదు. ఏ కాగితం వచ్చినా పదిమందిలో, అందరికీ తెలిసే భాషలో చదివించి వినకుండా ఎవరూ వేలు పెట్టకూడదు. మొఫజ్జల్ మిషను మెస్సు ముందుగదిలోకి చేరింది. విరిగిన చక్రాన్ని చిన్నపుల్లయ్య షువైఖ్‌కి మోసుకెళ్లి అతికించి తెచ్చాడు. మరునాటినుంచి పప్పు ఉడికే చప్పుడూ మిషను చప్పుడూ కలిసి వినిపించాయి.

శనివారం ఒకసారి, ఆదివారం ఒకసారి రమేష్‌బాబు కారు వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ వెళ్లి ఎక్కలేదు. సోమవారం పొద్దున్న నాలుగు దుకాణాల నీళ్లు ఆగిపోయాయి. కంపెనీ చెప్పింది, బిల్డింగు కాపలాదారు కట్టేశాడు. నీళ్లు లేకపోతే మెస్సు లేదు. నూట ఎనభైమంది ఆకలితో తిట్టుకుంటే వాళ్లంతట వాళ్లే సంతకం పెడతారని లెక్క.

తిరుపాలమ్మ ఖాళీ గుండిగ ముందు నిలబడి ఉంది. మెట్లమీద చెప్పుల చప్పుడైంది. మూడో అంతస్తులో ఉండే షరీఫా బీ వచ్చింది. చంకలో బిందె, ఇంకో చేతిలో బకెట్టు. "ఏందక్కా అట్ల నిలబడినావు? పొయ్యి ముట్టించు. నీళ్లు వస్తాండాయి" అంది. ఆమె వెనక ఒక ఫిలిప్పీన్స్ నర్సు, డ్యూటీ బట్టల్లోనే, రెండు ప్లాస్టిక్ డబ్బాలతో. ఆమె వెనక శ్రీలంక వాళ్లు. నాలుగో అంతస్తు ఈజిప్టు టీచరమ్మ తన ముగ్గురు కొడుకుల చేత మూడు బకెట్లు మోయించుకొచ్చింది. వాళ్ల యూనిఫారాలు మొఫజ్జల్ దగ్గరున్నాయి మరి. మట్టిలో పడ్డ ఆ నలభై జతలు ఎవరి పిల్లలవో, ఆ తల్లులంతా వచ్చారు. ఆరంతస్తుల మెట్లూ తడిసిపోయాయి. కాపలాదారు ఒక మూల కూర్చుని, చూసీ చూడనట్టు సిగరెట్టు కాల్చుకున్నాడు. పదకొండింటికి నూట ఎనభై క్యారేజీలు రోడ్డు దాటాయి. ఆ రోజు పప్పులో బెల్లం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

బుధవారం పదిగంటలకు రమేష్‌బాబు పోలీసు జీపుతో వచ్చాడు.

సందు నిండిపోయింది. చిన్నపుల్లయ్య కబురుతో గ్యారేజీలనుంచి పరిగెత్తుకొచ్చినవాళ్లు, పై వాటాల ఆడవాళ్లు, పిల్లలు. ఇద్దరు పోలీసులు జీపుకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్లకి ఈ గొడవేమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఒక పేరు చెప్పారు, వచ్చారు.

"రావుగారూ, ఒక్క నిమిషం ఇలా పక్కకి రండి" అన్నాడు రమేష్‌బాబు, చుట్టం పెళ్లికి పిలిచినట్టు.

"ఇక్కడే చెప్పండి. వినేవోళ్లు చాలామంది ఉన్నారు" అన్నాడు కుక్కుటేశ్వరరావు. ఉన్నచోటునుంచి కాలు కదపలేదు. బియ్యం డబ్బా కింది కాగితం తెచ్చి టీచరమ్మ చేతిలో పెట్టాడు. ఆమె అరబ్బీలో గట్టిగా చదివింది. షరీఫా బీ ఒక్కో మాటా తెలుగులోకి, హిందీలోకి తిప్పి చెప్పింది. నా ఇష్టంతో వదులుకుంటున్నాను. ఈ స్థలం మీదగానీ, ఇక ముందు ఇందులో ఇచ్చే ఏ స్థలం మీదగానీ నాకు ఏ హక్కూ లేదు. అంతే. మూల కొట్టు లేదు, అద్దాలు లేవు, ఏసీ లేదు.

"మూల కొట్టు ఏదండీ రమేష్‌బాబుగారూ?" అన్నాడు కుక్కుటేశ్వరరావు.

గుంపు గొల్లుమంది. రమేష్‌బాబు మొహంలో ఆ రావులపాలెం నవ్వు పోయింది. ఇప్పుడు గొంతు తగ్గించలేదు. "సరే, ఇక్కడే చెప్తాను. లోపల ఒక మనిషి ఉంది, ఎవరో మీకు తెలుసు. మీరు సంతకం పెడితే పొరపాటున వచ్చామని జీపు వెనక్కి పోతుంది. పెట్టకపోతే ఆమె పోతుంది. ఆమెని కఫీలే వచ్చి తీసుకెళతాడు. ఆ ఇల్లు ఎలాంటిదో మీరే కదండీ నాకు చెప్పారు."

కుక్కుటేశ్వరరావు తన చేతుల వైపు చూసుకున్నాడు. "నా నోటివల్లేనండి ఇదంతా" అన్నాడు ఎవరితోనో. "పెన్ను ఇవ్వండి. దుకాణం పోతే పోయింది. ఆవిడ మాత్రం ఆ ఇంటికి పోకూడదు."

వద్దని ఎవరంటారు? ఆయన పెన్ను పట్టుకున్నాడు.

వంటగదిలో తిరుపాలమ్మ అంతా విన్నది. వెనక గుమ్మం తెరిచే ఉంది. దాటితే పక్కసందు, అక్కడినుంచి పెద్దరోడ్డు, టాక్సీ. చెయ్యి తనకు తెలియకుండానే మెడమీది మచ్చ మీదికి పోయింది. తనొక్కతే పారిపోవచ్చు. పారిపోతే ఆయన పెట్టే సంతకం ఆగదు, ఆమె దొరికేదాకా ఆ బెదిరింపూ ఆగదు. ఆ ఇల్లు ఆమెని మూడేళ్లు వెనక గుమ్మంలోంచి నడిపించింది. ఇప్పుడు ఇంతమంది కడుపు మీద కూడా కొట్టబోతోంది. ఆమెకి భయం కంటే పెద్దగా కోపమొచ్చింది. చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, ముందు గుమ్మంలోంచి ఎండలోకి నడిచింది.

"రావుగారూ, ఆ పెన్ను వానిది వానికిచ్చెయ్" అంది.

గుంపు చీలి దారిచ్చింది. ఆమె తిన్నగా పోలీసుల దగ్గరికి పోయి నిలబడింది. "అనా తిరుపాలమ్మ. ఇఖామా మాఫీ" అంది. నేనే తిరుపాలమ్మని, నాకు ఇఖామా లేదు. పోలీసులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పట్టుకోవడానికి వచ్చిన మనిషి తనంతట తను వచ్చి పేరు చెప్పడం వాళ్లెప్పుడూ చూడలేదు.

ఆమె రమేష్‌బాబు వైపు తిరిగింది. "ఇంగేముండాది నీ దగ్గర బెదిరిచ్చేదానికి? నన్ను అమ్మాలని తెస్తివి. నేను అమ్ముడుపోయే సరుకు గాదు. పో, పోయి నీ కంపెనీకి చెప్పు. ఈడ సంతకాలు దొరకవని చెప్పు."

కుక్కుటేశ్వరరావు పెన్ను రమేష్‌బాబు బూట్ల దగ్గర పడేశాడు.

జీపు తలుపు తీయగానే దాని ముందు ఒక మనిషి అడ్డంగా పడుకున్నాడు. ఈశ్వరయ్య. "నా మీదనించి పోనీండి!" అని అరుస్తున్నాడు. "నేనే గదా నిన్ను తోలేద్దామన్యా, చెల్లీ!" అతని పక్కన సుగతన్ కూర్చున్నాడు, మొఫజ్జల్ కూర్చున్నాడు, గ్యారేజీ కుర్రాళ్లు కూర్చున్నారు. పోలీసులు లాఠీలు తీశారు.

"లేయండి!" అంది తిరుపాలమ్మ. "అన్నా, లే. మీరు జైలుకొస్తే ఈడ పొయ్యి ఎవరు ముట్టిస్తారు? వానికి కావాల్సింది గూడ అదే. పదకొండు గంటలైతాంది. క్యారేజీలు పోవాల. యల్లా, లేయండి!"

వాళ్లు లేచారు. దారి విడిచారు గానీ పోలేదు. జీపు సందు దాటేదాకా దాని రెండు పక్కలా నడిచారు. పై వాటాల కిటికీల్లోంచి ఆడవాళ్లు గిన్నెల మీద గరిటెలతో కొట్టారు. రమేష్‌బాబు కారు ఎక్కబోతే గుంపు అతన్ని ఏమీ అనలేదు, తాకలేదు. ఊరికే చుట్టూ నిలబడి చూసింది. అతను కారు తలుపు మూడుసార్లు వెయ్యాల్సి వచ్చింది.

పోలీసు స్టేషన్లో ఆడవాళ్లని ఉంచే గదిలో తిరుపాలమ్మతో కలిపి ముప్పై ఒక్కమంది. మనవాళ్లు, సింహళ ఆడవాళ్లు, ఇథియోపియా వాళ్లు, నేపాలీలు. అందరివీ ఇళ్లనుంచి నడిచి వచ్చేసిన కథలే. ఎనిమిదోరోజు కుక్కుటేశ్వరరావు, షరీఫా బీ చూడటానికి వచ్చారు. షరీఫా బీ ఇనుప జాలీ పట్టుకుని గబగబా చెప్పింది. నీళ్లు మళ్లీ వదిలారు. కంపెనీ కోర్టుకి పోయింది. పోనీ, మనమూ పోతాం. మంగళవారం పక్కసందులో దుకాణాల వాళ్లు పద్నాలుగుమంది వచ్చి, మీరు మీటింగు ఎట్లా పెట్టారని అడిగారు. వాళ్ల బిల్డింగుకి కూడా అదే కంపెనీ కాగితాలు పంపిందట.

"సంకటి సరిగ్గా రావట్లేదమ్మా" అన్నాడు కుక్కుటేశ్వరరావు, కళ్లు తుడుచుకుంటూ.

"నీళ్లు మరిగినాంక పిండి పొయ్యాల. ముందే పోస్తాండారేమో" అంది తిరుపాలమ్మ.

ఆ మధ్యాహ్నం వాళ్లు పారిపోయి వచ్చిన ఇళ్ల యజమానుల తరఫున ఒక మందూబు కాగితాల కట్టతో వచ్చాడు. వేరేవాడు, అదే రకం చొక్కా, అదే రకం పెన్ను. పక్కగదిలో కూర్చుని ఒక్కొక్కరినే లోపలికి పిలిచి వేలిముద్ర వేయించుకుంటానన్నాడు. ఇదివరకు ఇలాగే వేలు పెట్టి వచ్చిన సింహళ ఆమె ఆ కాగితంలో ఏముందో తర్వాత తెలుసుకుని మూడురోజులు ఏడ్చింది. నాకు ఎవరిమీదా ఫిర్యాదు లేదు, నా ఇష్టంతో అదే ఇంటికి పనికి పోతున్నాను.

నా ఇష్టంతో. ఆ మాట వినగానే తిరుపాలమ్మకి మెడమీది మచ్చ మళ్లీ కాలినట్టయింది. ఆమె గది మధ్యకి వచ్చి కూర్చుంది. వచ్చిన తెలుగు, రాని హిందీ, వంటింటి అరబ్బీ అన్నీ కలిపి మాట్లాడింది. రిగ్గై సంగతి చెప్పింది. నాలుగు దుకాణాల సంగతి చెప్పింది. ఒంటరిగా ఆ గదిలోకి ఎవరూ పోవద్దంది. కాగితం ఇక్కడికే రావాలి, అందరి ముందూ చదవాలి, ఎవరి భాషలో వాళ్లకి తెలియాలి. లేకపోతే ఒక్క వేలు కూడా లేవదు. ఒకామె ఇంకొకామెకి, ఆమె మరొకామెకి తిప్పి చెప్పారు. ఇథియోపియా పిల్ల ఒకతె, ఎవరితోనూ మాట్లాడనిది, వచ్చి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

కాపలా మనిషి తలుపు తీసి జాబితా చూశాడు.

"తిరుపాలమ్మ!" అని పిలిచాడు.

ముప్పై ఒక్కమంది లేచి నిలబడ్డారు.